అతికించిన తల

కాఫ్కా సమాధి చూడాలని ప్రాగ్ వెళ్ళే సాహిత్యాభిమానులు నగరానికి తూర్పున ఉన్న కొత్త యూదు శ్మశానానికి వెళ్తారు. దాని పక్కనే ఓల్షానీ అని ఇంకో పెద్ద శ్మశానం ఉంది. అక్కడ చెక్ చరిత్రలో పేరున్న వాళ్ళు చాలామంది ఉన్నారు, 1969లో రష్యన్ ఆక్రమణకి నిరసనగా ఒంటికి నిప్పంటించుకున్న యాన్ పలాఖ్‌తో సహా. వాళ్ళ మధ్య ఒక స్కాట్లండ్ మనిషి కూడా ఉన్నాడు. పేరు జాన్ మాడెన్. 1865లో డంబార్టన్‌లో పుట్టాడు, ఓడల తయారీలో రివెట్లు కొట్టాడు, ఫుట్‌బాల్ ఆడాడు, 1905లో ప్రాగ్ వచ్చి స్లావియా అనే క్లబ్బుకి కోచ్‌గా చేరాడు. ఇరవై అయిదేళ్ళు అదే ఉద్యోగం. 1948లో ఆ ఊళ్ళోనే పోయాడు. చెక్ ఫుట్‌బాల్‌కి తండ్రి అంటారు. బతికున్నప్పుడు మాత్రం అక్కడివాళ్ళు 'డ్యేదెక్' అని పిలిచేవాళ్ళు. ముసలాయన అని అర్థం.

ఆ ఉద్యోగం అతనికి ఎలా వచ్చిందన్నదాని మీద ఒక కథ ఉంది. స్లావియా వాళ్ళకి కావలసింది మాడెన్ కాదట. జాన్ టెయిట్ రాబర్ట్‌సన్ అట. రేంజర్స్ క్లబ్బు ఆటగాడు, స్కాట్లండ్ జట్టుకి కెప్టెన్‌గా కూడా చేసినవాడు, అప్పటికి మంచి ఫామ్‌లో ఉన్నవాడు. అతనేమో ఆ ఏడాదే లండన్‌లో కొత్తగా పెట్టిన చెల్సీకి మొదటి మేనేజర్‌గా వెళ్ళాడు. అతనిదీ డంబార్టనే. ఆ ఊరివాడే, తనకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు, ఆడే వయసు అయిపోయినవాడు మాడెన్ ఈ అవకాశాన్ని అందుకున్నాడు. ప్రాగ్‌కి ఒక ఫోటో వెళ్ళింది. ఒళ్ళు రాబర్ట్‌సన్‌ది, తల మాడెన్‌ది.

చెప్పేవాళ్ళని బట్టి వివరాలు అటూ ఇటూ అవుతాయి. కథే అనుకోండి. కానీ చెక్ ఫుట్‌బాల్ గురించి చెప్పేవాళ్ళు దీన్ని దాచరు, నవ్వుతూ చెప్తారు. నన్ను పట్టుకున్నది ఆ నవ్వే. ఒక మనిషి దొంగ రెజ్యూమేతో ఉద్యోగం కొట్టేశాడని కథ. వినగానే మనకి కోపం రాదు, ముచ్చటేస్తుంది. ఎందుకు? మాడెన్ వచ్చిన రెండు నెలలకే విఫలమై తిరిగి వెళ్ళిపోయి ఉంటే ఇదే కథని ఇదే నవ్వుతో చెప్పేవాళ్ళా?

ఈ ప్రశ్నకి తత్వశాస్త్రంలో ఒక ఇల్లు ఉంది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్ ఒక వ్యాసం చదివాడు, దానికి థామస్ నేగెల్ బదులిచ్చాడు, అక్కణ్ణుంచి 'నైతిక అదృష్టం' అనే మాట వాడుకలోకొచ్చింది. విలియమ్స్ తీసుకున్న ఉదాహరణ గోగాఁ అనే చిత్రకారుడు. పెళ్ళాం పిల్లల్ని వదిలేసి బొమ్మలు గీయడానికి పోయాడు. గొప్ప చిత్రకారుడు అయ్యాడు కాబట్టి ఆ పోవడానికి ఏదో ఒక సమర్థన దొరికింది. కాకపోయి ఉంటే అతను ఇల్లు వదిలిన సగటు మొగుడు, అంతే. అంటే చేసిన పని తప్పో ఒప్పో ఆ పని చేసిన రోజున తేలదు, తర్వాత జరిగేదాన్ని బట్టి తేలుతుంది, అందులో సగం మన చేతిలో ఉండదు. విలియమ్స్ ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని చాలామంది మర్చిపోతారు. గోగాఁ గెలిచినా ఆ గెలుపు తనకి తాను చెప్పుకునే సమాధానమే అవుతుంది. వదిలేయబడ్డ వాళ్ళకి చెప్పే సమాధానం అవ్వాలని లేదు.

విలియమ్స్ గోగాఁ నిజ జీవిత వివరాలకి కట్టుబడలేదు. తన వాదానికి కావలసినట్టు మలుచుకున్న గోగాఁ అతను. నేను ఫోటో కథని వాడుకోవడం కూడా ఆ దారిలోనే.

కథ కాని మాడెన్ దగ్గరికి వద్దాం. నిజంగానే పనికిరానివాడా అతను? 1888 మే 28న గ్లాస్గోలో సెల్టిక్ అనే కొత్త క్లబ్బు తన మొట్టమొదటి మ్యాచ్ రేంజర్స్‌తో ఆడి 5–2తో గెలిచింది. తూర్పు గ్లాస్గోలో పేద ఐరిష్ కుటుంబాలకి అన్నం పెట్టడానికి డబ్బు పోగుచేద్దామని ఒక మతగురువు మొదలుపెట్టిన క్లబ్బు అది. ఆ మొదటి జట్టులో మాడెన్ ఉన్నాడు. తర్వాత స్కాట్లండ్‌కి రెండే రెండు మ్యాచులు ఆడాడు, రెండూ వేల్స్ మీదే. 1893లో 8–0తో గెలిచిన దాంట్లో నాలుగు గోల్స్, 1895లో డ్రా అయిన దాంట్లో ఒకటి. రెండు మ్యాచుల్లో అయిదు గోల్స్. కాగితం మీద చూస్తే ఎవరైనా పిలిచి కాఫీ ఇచ్చే లెక్కే. కాకపోతే పదేళ్ళ పాత లెక్క. రాబర్ట్‌సన్‌కి పదహారు మ్యాచులు. పైగా పేరు.

అతనికి తెలిసిన ఆట ఇంకా పెద్ద విషయం. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో ఇంగ్లండ్‌కీ స్కాట్లండ్‌కీ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగితే అది 0–0గా ముగిసింది. ఇంగ్లండ్ వాళ్ళు అప్పటికి బంతి దొరికితే ఒక్కడే తోసుకుంటూ పరిగెత్తేవాళ్ళు, మిగతావాళ్ళు వెనక పడేవాళ్ళు. స్కాట్లండ్ వాళ్ళు బంతిని ఒకరికొకరు అందించుకోవడం మొదలుపెట్టారు. ఇవాళ ఏ వీధి చివర పిల్లల్ని అడిగినా ఫుట్‌బాల్ అంటే పాస్ అంటారు. అప్పుడది కొత్త ఆలోచన. ఆ ఆలోచనని కాళ్ళలో పెట్టుకుని మనుషులు లోకమంతా వెళ్ళారు. పుస్తకాల్లో దొరికే విద్య కాదు. చూపించి నేర్పాల్సిందే. ప్రాగ్‌లో స్లావియాకి గట్టి పోటీదారు స్పార్టా. యుద్ధం తర్వాత దాని కోచ్ కూడా జాన్ డిక్ అనే స్కాట్లండ్ మనిషే. ఒక ఊళ్ళో రెండు శత్రు క్లబ్బులకీ ఒకే దేశం నుంచి గురువులు.

కాబట్టి స్లావియాకి కావలసిన సరుకు మాడెన్ దగ్గర ఉంది. లేనిది దాని మీద అంటించే లేబుల్. ఫోటోలో మార్చింది ఒళ్ళు, తల అతనిదే. ఇది చిన్న తేడాగా కనిపించొచ్చు. కానీ చేతకానిది చేతనవునని చెప్పడం ఒక అబద్ధం, చేతనైనది చెయ్యనిస్తారని పేరు మార్చుకోవడం ఇంకో అబద్ధం. ఆపరేషన్ చేయడం రాని డాక్టర్ మొదటి రకం. కర్ణుడు రెండో రకం.

కర్ణుడు గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? పరశురాముడి దగ్గర బ్రాహ్మణుణ్ణని చెప్పి విద్య నేర్చుకున్నాడు. పురుగు తొడ తొలుస్తుంటే గురువు నిద్ర చెడుతుందని కదలకుండా కూర్చున్నాడు, ఆ ఓర్పే అతన్ని పట్టించింది. శాపం ఏమిటంటే విద్య పోవడం కాదు, అవసరమైన రోజున గుర్తు రాకపోవడం. మహాభారతం ఇక్కడ విలియమ్స్ కంటే కఠినంగా ఉంది అనిపిస్తుంది నాకు. ఎంత గొప్పగా నేర్చుకున్నా, ఎంత సేవ చేసినా, మొదటి రోజు చెప్పిన అబద్ధం అలాగే అడుగున ఉంటుంది, చివరి రోజున రథచక్రం దగ్గర పైకొస్తుంది. మన తెలుగువాళ్ళు మాత్రం కర్ణుడి వైపే. సినిమా తీసినా, నాటకం వేసినా, చప్పట్లు అతనికే. అదే నోటితో వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమంటాం. వెయ్యి అబద్ధాలకి లైసెన్స్ ఇచ్చిన జాతికి ఒక ఫోటో ఎంత!

మాడెన్ ఆడిన రోజుల్లో అసలు ఆటే అబద్ధం మీద నడిచింది. స్కాట్లండ్‌లో 1893 దాకా ఫుట్‌బాలర్లకి డబ్బివ్వడం నిబంధనలకి విరుద్ధం. అందరూ అమెచ్యూర్లే. కానీ ఓడల షెడ్డులో పనిచేసేవాడు మ్యాచ్ కోసం కూలి వదులుకుని ఎలా వస్తాడు? డబ్బు చేతులు మారేది, పుస్తకాల్లోకి ఎక్కేది కాదు. ఉన్నవాళ్ళు పెట్టిన నిబంధన అది, లేనివాళ్ళు దాన్ని బతకడానికి వీలుగా వంచుకున్నారు. అలాంటి చోట పెరిగినవాడు ఒక ఫోటోని మార్చడం గురించి ఎంత సేపు ఆలోచించి ఉంటాడు? ఈ వాదం నాకు నచ్చుతుంది. నచ్చుతోంది కాబట్టే అనుమానం కూడా. 'అందరూ చేస్తున్నారు' అనే మాటని నేను ఇంకో చోట చాలా సార్లు విన్నాను.

ఆ ఇంకో చోటు మా ఆఫీసు. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, ఈ వ్యాసం రాస్తున్నదే అందుకు.

మా టీమ్‌లో ఒకడు ఉండేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మూడేళ్ళ అనుభవం ఉందని చెప్పి చేరాడు. రెండేళ్ళలో మా అందరికంటే ముందుకెళ్ళాడు. ఒక రాత్రి ప్రొడక్షన్‌లో డేటాబేస్ లాక్ అయి మొత్తం ఆగిపోతే, నేను లాగ్స్ ముందు తెల్లమొహం వేసుకుని కూర్చుంటే, వాడు పక్కన కుర్చీ లాక్కుని రెండు గంటలు నాకు ఒక్కో క్వెరీ చదవడం నేర్పించాడు. నేర్పించాడని నాకు తెలియనంత మెల్లగా. ఇవాళ నేను జూనియర్లకి చెప్పే పద్ధతి అదే. తర్వాత కొత్త క్లయింట్ కోసం మళ్ళీ అందరి పాత వివరాలూ తనిఖీ చేశారు. వాడు చెప్పిన పాత కంపెనీ ఒక బోర్డు, ఒక ఫోన్ నంబర్. లోపల కంపెనీ లేదు. మూడేళ్ళు వాడు అమీర్‌పేట హాస్టల్ గదిలో కూర్చుని నేర్చుకున్న మూడేళ్ళు.

మేనేజర్ నా అభిప్రాయం అడిగాడు. 'పాలసీ ఎలా ఉంటే అలా చేయండి' అని ఒక్క లైన్ రాశాను. వాడి పని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. రాసినా ఆపేవాళ్ళు కాదనుకోండి. చివరి రోజు లాప్‌టాప్ ఇచ్చేసి కిందకి వస్తూ, లిఫ్ట్ దగ్గర, "నిన్ను అడిగారా అన్నా?" అన్నాడు. అడిగారన్నాను. ఏం చెప్పావని అడగలేదు. "సరే అన్నా, ఆ మైగ్రేషన్ స్క్రిప్ట్‌లో తేదీల దగ్గర ఒకసారి చూసుకో" అని వెళ్ళిపోయాడు. చూశాను. వాడు చెప్పిన చోటే తప్పు ఉంది.

విలియమ్స్ లెక్క ప్రకారం వాడు గెలిచిన గోగాఁ. రెండేళ్ళ పని వాడి తరఫున సాక్ష్యం చెప్తుంది. మాడెన్‌ని చూసి నవ్వే నవ్వు వాడికెందుకు దొరకలేదు? వందేళ్ళు కాలేదు కాబట్టా? శ్మశానంలో పూలు పెట్టేవాళ్ళు లేరు కాబట్టా? నాకు అప్పటికి మాడెన్ తెలియదు. తెలిసుంటే ఆ మెయిల్ వేరేగా రాసేవాణ్ణా అని కొన్నాళ్ళు నన్ను నేను సతాయించుకున్నాను.

గెలుపు అనే మాటలోనే ఏదో తేడా ఉందనిపించింది. మాడెన్ విషయంలో మనం గెలుపు అంటున్నదేమిటో చూడండి. 1911లో ఫ్రాన్స్‌లోని రూబేలో అమెచ్యూర్ జట్లకి యూరప్ టోర్నమెంట్ జరిగితే బొహీమియా జట్టు ఫైనల్లో ఇంగ్లండ్ అమెచ్యూర్లని 2–1తో ఓడించింది. బొహీమియా అప్పుడు దేశం కాదు, ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో ముక్క. ఆస్ట్రియా అభ్యంతరంతో 1908లో ఫిఫా నుంచి తీసేసిన ముక్క. స్లావియా కథ కూడా అలాంటిదే. అది మొదలైంది ఒక చెక్ విద్యార్థుల సాహిత్య, వక్తృత్వ సంఘం నుంచి. కవిత్వం చదువుకునే సంఘానికి సైకిళ్ళ విభాగం, సైకిళ్ళ తర్వాత ఫుట్‌బాలు. సాహిత్య సంఘాన్ని ప్రభుత్వం మూసేసింది, ఆట మిగిలింది. (మన సాహిత్య సంఘాలు ఈ దిశగా ఆలోచించొచ్చు.) వాళ్ళకి ఆట అంటే మేమూ ఒక జనమే అని చెప్పుకునే భాష. ఆ భాషకి వ్యాకరణం నేర్పడానికి వచ్చినవాడు మాడెన్.

1925లో చెకోస్లొవేకియాలో మొదటి ప్రొఫెషనల్ లీగ్ పెడితే స్లావియా గెలిచింది. 1929, 1930ల్లో మళ్ళీ గెలిచింది. 1930లో మాడెన్ ఆ పని మానేశాడు. నాలుగేళ్ళ తర్వాత రోమ్‌లో ప్రపంచ కప్ ఫైనల్. ఇటలీ మీద చెకోస్లొవేకియా. చెక్ జట్టు కెప్టెన్, గోల్‌కీపర్ ఫ్రంటిషెక్ ప్లానిచ్కా స్లావియా వాడు. మొదటి గోల్ కొట్టిన అంటొనిన్ పూచ్ స్లావియా వాడు. ఇటలీ తర్వాత సమం చేసి, అదనపు సమయంలో 2–1తో నెగ్గింది. ముస్సోలినీ చూస్తున్నాడు.

అంటే చివరికి ఓడిపోయారు. అక్కడ మాడెన్ లేడు కూడా. 'గెలుపు' అని చూపించడానికి ఒక్క క్షణం లేదు. గోగాఁకి ఒక కాన్వాసు ఉంది, గోడకి తగిలించి చూపించొచ్చు. కోచ్‌కి ఏముంది? 1905 నుంచి 1930 దాకా రోజూ పొద్దున లేచి మైదానానికి వెళ్ళడం. చలిలో, బురదలో, ఎవడో కుర్రాడికి బంతిని ఏ పాదంతో ఆపాలో చూపించడం. మధ్యలో సామ్రాజ్యం పోయి గణతంత్రం వచ్చింది. అతను స్లావియాతోనే ఉన్నాడు. అక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. పని మానేశాక కూడా స్కాట్లండ్ వెళ్ళలేదు. 1939లో నాజీలు ఊళ్ళోకి వచ్చారు, 1945లో పోయారు, 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు వచ్చారు. ఆ ఏప్రిల్‌లో అతను పోయాడు.

కాబట్టి అదృష్టం అనే మాట ఇక్కడ అతకదు. అబద్ధాన్ని కడిగింది ఫలితం అయితే అది అదృష్టమే. కానీ ఇరవై అయిదేళ్ళ హాజరు అదృష్టం కాదు. అది అప్పు తీర్చడంలా ఉంటుంది, నెలనెలా. తీరుతోందో లేదో తెలియకుండా, తీరిందని ఎవరూ రసీదు ఇవ్వకుండా. మా టీమ్‌లోవాడు కూడా రెండేళ్ళు కట్టాడు. నేను రాయని ఆ ఒక్క వాక్యం వాడు కట్టిన దానికి రసీదు. వాడిని తీసెయ్యడం తప్పని నేను ఇప్పటికీ అనలేను. కానీ ఆ రసీదు ఇవ్వాల్సింది నేను, ఇవ్వలేదు.

అసలైన రాబర్ట్‌సన్ సంగతి కూడా చూశాను. అతను చెల్సీలో ఉన్నది ఏడాదిన్నర. తర్వాత గ్లాసప్. ఆ తర్వాత 1911లో, భలే విచిత్రంగా, మధ్య యూరప్‌కే వచ్చాడు, బుడాపెస్ట్‌లో ఎంటీకే క్లబ్బు కోచ్‌గా. అక్కడా రెండేళ్ళే. నిజమైన ఫోటో, నిజమైన పేరు, నిజమైన అనుభవం ఉన్న మనిషి ప్రాగ్ వచ్చి ఉంటే ఎన్నాళ్ళు ఉండేవాడు? ఇది అతని మీద నింద కాదు, మంచి ఆటగాడికి మంచి అవకాశాలు వస్తుంటాయి, వెళ్తాడు. మేం ఇంటర్వ్యూల్లో వెతికేది ఎప్పుడూ రాబర్ట్‌సన్నే అని మాత్రం అర్థమైంది. మాడెన్ దొరికేది పొరపాటున.

ఇదంతా రాసుకుని, నాకు తృప్తిగానే ఉంది. పోయిన నెల నా పాత హాస్టల్ రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. వాడూ ఆ అమీర్‌పేట గదుల్లోనే మూడేళ్ళు ఉన్నాడు. అనుభవం ఉన్నట్టు కాగితం పెట్టిస్తాం, అందరూ పెట్టిస్తున్నారు అంటే వద్దన్నాడు. ఫ్రెషర్‌గానే తిరిగాడు. మూడేళ్ళు ఖాళీగా ఎందుకున్నావని ప్రతి చోటా అడిగారు. చివరికి ఖమ్మం వెళ్ళిపోయి పిల్లలకి లెక్కలు చెప్తున్నాడు. నా కంటే వాడికి ప్రోగ్రామింగ్ బాగా వచ్చు, ఇది మొహమాటానికి అనట్లేదు.

ఫోటో దగ్గర బాగా నవ్వాడు. తలా, ఒళ్ళూ అనగానే రెండోసారి చెప్పించుకున్నాడు. ఇరవై అయిదేళ్ళు అనగానే "గట్టోడురా" అన్నాడు. అప్పూ రసీదూ అని నా సిద్ధాంతం చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"మరి ఆ ఉద్యోగానికి ఇంకెవరన్నా అప్లై చేశార్రా?" అన్నాడు.

కథలో ఎవరూ లేరన్నాను.

"ఉండర్లే" అన్నాడు. క్లాసుకి టైమైందని పెట్టేశాడు.